పద్మ వదిన మిషన్ మీద జపాను రేకు

ఈ రోజు సిరిసిల్లలో మా కుట్టు షెడ్డుకి వచ్చిన క్వాలిటీ సారు, పద్మ వదిన మిషన్ మీద ఒక చిన్న రేకు బిగించాడు. జేబు గుడ్డ వంకరగా పెడితే ఆ రేకులో పట్టదు. దాన్ని "పోకా యోకే" అంటారని చెప్పి పక్క లైనుకి వెళ్లాడు. మిషన్లు బాగుచేసేవాణ్ణి నేను. నా నోరు ఊరుకుంటుందా?

"వదినా, జపానోళ్ల మాటల గదంటే మొద్దోళ్లకు పెట్టే రేకు అన్నట్టు" అన్నాను. నోటికొచ్చింది చెప్పానంతే.

వదిన మిషన్ ఆపేసింది. "ఇన్నేండ్ల సంది కుడుతున్న, నేను మొద్దుదాన్నా? గది తీసేదాంక కుట్ట" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నా నవ్వు ఆగిపోయింది.

సారు వచ్చి, నేను చెప్పిన అర్థం విని ఆశ్చర్యపోయాడు. "మొదట్ల నిజంగ గట్లనే అన్నరమ్మా. బాకా యోకే అంటే తెలివితక్కువోళ్లు సుత తప్పు చెయ్యకుంట ఆపేది. ఆడ జపాన్ల ఫ్యాక్టరీల పనిచేసే ఒకామె 'నేను గంత తెలివితక్కువదాన్నా' అని ఏడ్చిందట. అందుకే పోకా అని మార్చిండ్రు. పోకా అంటే పొరపాటు. గది ఎవలకన్న అయితది."

వదిన కళ్లు తుడుచుకుంది. "ఎవలకన్ననా? అయితె రేకు తీసి గీ మెకానిక్ సాబును కూసోవెట్టుండ్రి."

రేకు తీసి, కూర్చుని ఒక షర్టుకి జేబు కుట్టాను. వదిన ఆ షర్టుని లైనంతటికీ చూపించి, రేకు మళ్లీ బిగించమని నాకే చెప్పి, పనిలో పడింది.

షర్టు రిజెక్టు కుప్పలో ఉంది. జేబు చంక వైపు చూస్తోంది. అందులో పెట్టుకునే వస్తువు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.