నాలుగు మూలలా పసుపు

మొన్న మా లూకన్ కాలనీ హాల్లో గోడకు వేలాడే బొంత దగ్గర ఒక పిల్ల ఆగి, "ఆంటీ, వై ఆర్ ది కార్నర్స్ యెల్లో?" అని అడిగింది. పసుపు అన్నాను.

కొవిడ్ తొలి వసంతంలో ఆ బొంత ఆలోచన మా పక్కింటి పెద్దావిడది. యుద్ధకాలంలో ఆడవాళ్లు, ఇంట్లోవాళ్లు కట్టి విడిచిన గుడ్డలు అతికి దుప్పట్లు కుట్టేవారని వాళ్లమ్మ చెప్పేదట. ఇంటికొక ముక్క ఇస్తే తాను కలిపి కుడతానంది. అమ్మమ్మ పాతచీరల బొంతల మీద పెరిగినదాన్ని, నాకొకరు చెప్పాలా? ఇక్కడి ఐరిష్‌వాళ్లు ప్రెస్ అని పిలిచే బీరువాలోంచి మా ఆయన గళ్ల లుంగీ లాగి కత్తెర వేశాను. స్కాట్లాండులో ఒక్కో వంశానికి ఒక్కో గళ్లగుడ్డ ఉంటుంది కదా, ఆ గళ్లు చూసి ఆవిడ మాది అందులో ఏ వంశమని అడుగుతుందోనని నవ్వుకున్నాను కూడా.

ఆ సాయంత్రమే ఆయన ఫోను చేశారు. తాను డాక్టరుగా పనిచేసే ఆస్పత్రిలోనే తనను పడుకోబెట్టారట, ఆక్సిజన్ పెట్టారట. "కంగారు పడకు, ఐయామ్ గ్రాండ్" అన్నారు; బాగానే ఉన్నాననడానికి ఇక్కడి మాట అది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నారు. వెళ్లి చూడనివ్వరు. మనిషి కట్టుకునే బట్టను చేజేతులా కత్తిరించానే, అపశకునమేమో అని భయం పట్టుకుంది. చదువుకున్నదాన్నే, కానీ భయానికి చదువేమిటి? కొత్తబట్టకు పెట్టినట్టు తడిపసుపు తీసి ఆ ముక్కకు నాలుగు మూలలా బొట్లు పెట్టాను.

మర్నాడు దాన్ని మా రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద ఉంచి దూరం జరిగాను. ఆవిడ గ్లౌజులతో తీసి చూసి, ఈ మరకలేమిటంది. ఏడుస్తూనే చెప్పాను. ముక్క పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. కాసేపటికి కాలనీ ముక్కలన్నీ ఉన్న సంచి తెచ్చి గోడ మీద పెట్టింది.

"అన్నిటికీ పెట్టు, లవ్. పైన ఉన్నది మా అబ్బాయి చొక్కా. వాడు లాక్‌డౌన్‌లోనూ బస్సు నడుపుతున్నాడు," అంది.

వంటింటి బల్ల మీద ఒక్కొక్కటీ పరిచి పెడుతూ కూర్చున్నాను. ఎవరి పాప గౌనో, ఎవరి తాత దిండుగలీబో తెలియదు. ఆయన ఒక్కరి కోసం మొక్కుకోవడం మొదలుపెట్టి, చివరికి ముక్కముక్కకూ మొక్కుకున్నాను. మధ్యలో ఫోను మోగితే, ఆస్పత్రి నుంచేమోనని తీయడానికి చెయ్యి రాలేదు.

ఆయన ఇంటికొచ్చారు. అదే జబ్బుతో ఆస్పత్రికి వెళ్లిన ఆవిడ కొడుకు తిరిగి రాలేదు.

ఆవిడ నన్నొక్క మాటా అనలేదు. బొంత పూర్తి చేసింది. ఇప్పటికీ పిట్టగోడ దగ్గర ఎదురుపడితే ఇద్దరం వాన గురించి మాట్లాడుకుంటాం. ఆ వసంతం నాకు గడిచిపోయింది, గోడకు అవతల ఇంకా గడవలేదు.