ఆ తొట్టిలో పత్తిమందు పొయ్యనివ్వలేదు

1999 ఎండాకాలం. కోవిల్‌పట్టి బస్టాండు వెనక వీధిలో నా రంగుచేపల అంగడికి అప్పటికి మూడేళ్లు. తూత్తుకుడిలో ఆరేళ్లు ఇంకొకరి తొట్లు కడిగి నేర్చుకున్న పని ఇది. అందరూ కొనేవి మంచినీళ్ల తొట్లే. ఉప్పునీళ్లలో పగడాలు, రాళ్లు, చేపలు కలిసి బతికే రీఫ్ ట్యాంకు నేను కట్టింది ఒక్కటే, విరుదునగర్‌లో వెంకటసామి గారింట్లో. ఆయనకు విళాత్తికుళం వైపు పత్తిచేలు. తొట్టి మాత్రం ఆయన భార్య రుక్మిణక్కది. అది పాడైతే ఇక ఈ చుట్టుపక్కల నన్ను నమ్మి ఎవరూ అలాంటి తొట్టి పెట్టరు.

ఒక పొద్దున రుక్మిణక్క ఫోన్ చేసింది. "ఎస్తేరూ, ఇంగోటి పొయ్యె. పది దినాల్లో నాలుగు చాపలు! గాజు పగల్తా ఉండాదో ఏమో, టక్కు టక్కుమని సద్దం గూడా. నువ్వొచ్చి చూడు తల్లీ."

బస్సెక్కి వెళ్లేసరికి వెంకటసామి గారు తొట్టి ముందు నిలబడి ఉన్నారు. చేతిలో పత్తిమీద కొట్టే పురుగుమందు సీసా! ఆయన ఇసుక వైపు వేలు చూపించారు. సగం మిగిలిన చేపను ఒక పురుగు తింటోంది. జానెడు పొడవు, ఒళ్లంతా ముళ్లు. మేం దాన్ని బ్రిసిల్ వర్మ్ అంటాం.

"ఇదిగో పూచ్చి. ఒగ మూత పోస్తే సెరిపోతుంది," అన్నారు. పూచ్చి అంటే మా వైపు పురుగే.

"వద్దయ్యా. అది చచ్చినదాన్ని తినేది. చంపింది వేరే ఏదో ఉండాది."

"మీ నాయన నా చేన్లో మందు గొట్టినోడు. పూచ్చి సంగతి నువ్వు నాకు నేర్పిస్తావా?"

నాకు ఒళ్లు మండింది. మా నాయన నోటికి తడిగుడ్డ కట్టుకుని, ఒట్టి చేతులతో ఆ మందు కలిపేవాడు. నలభై దాటేసరికి చొక్కా గుండీ పెట్టుకోలేనంతగా చేతులు వణికేవి. మా అమ్మ పెట్టేది. అది ఈయనకు తెలుసో లేదో నాకు తెలియదు.

"కొట్టినోడేనయ్యా. అందుకే జెప్తా ఉండాను. మీరు మూత పోస్తే పురుగొక్కటే చావదు, ఈ తొట్లో ఒగటీ మిగలదు. సాయంత్రం దాకా ఆగండి. దొంగను పట్టి చూపించకపోతే ఆ సీసా మొత్తం పోసుకోండి. నేను అంగడి మూసుకుని పోతా."

అనేశాను గానీ, లోపల భయంగానే ఉంది. రుక్మిణక్క మాత్రం సీసా లాక్కుని కిటికీలో పెట్టింది. "ఒగ పూట ఆగితే మీ సొత్తేం పోదు," అంది.

అలాంటి దొంగలు వెలుతురులో బయటికి రావు. కాబట్టి పట్టపగలే తొట్టి చుట్టూ నల్ల దుప్పటి కప్పాం. టార్చికి టపాకాయల మీద చుట్టే ఎర్ర గాజుకాగితం కట్టాను. ఎర్ర వెలుగును అవి అంతగా పట్టించుకోవు. రాళ్ల మధ్య ఒక రొయ్య ముక్క పెట్టి, దుప్పటిలో తల దూర్చి కూర్చున్నాను. చెమటలు కారిపోతున్నాయి. గంట దాటాక టక్కుమని శబ్దం. నడిమి రాయిలోని బొక్కలోంచి, కాడల మీద నిలబడ్డట్టు రెండు కళ్లు బయటికొచ్చాయి. మాంటిస్ ష్రింప్! చూడడానికి రొయ్యలాగే ఉంటుంది గానీ, ముందు కాళ్లతో గుద్దిందంటే నత్తగుల్ల పగిలిపోతుంది. అక్క విన్న శబ్దం ఆ గుద్దుదే.

"అక్కా, రెండు గోలీసోడాలు తెప్పించు. రంగుది గాదు, ఒట్టి సోడా."

"ఇప్పుడు దాహమా నీకు?"

"నాక్కాదక్కా, దొంగకు."

రాయిని పైకి తీసి బకెట్ మీద పట్టుకుని, సిరంజితో సోడా బొక్కలోకి కొట్టాను. సోడాలోని గ్యాసుకు దానికి ఊపిరాడదు. రెండో సిరంజికే వేలెడు పొడవున్న పచ్చటి జీవి బకెట్లోకి దూకి, గోడను టక్కుమని గుద్దింది. వెంకటసామి గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇది ఏడనుంచి వచ్చె?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "నా అంగడి నుంచే అయ్యా. నేను అమ్మిన లైవ్ రాక్, ప్రాణులుండే ఆ రాళ్లలో దాగి వచ్చుండాది. చూడకుండా ఇచ్చింది నా తప్పు. పోయిన నాలుగు చాపలూ నేనే తెచ్చిస్తా. నా తప్పు నా మీద వెయ్యండి, పడతాను. ఆ పురుగు మీద వేస్తే మాత్రం ఒప్పను. మీ తొట్లో కుళ్లింది ఎత్తి కడిగేది అదే."

ఆయన వంగి బకెట్‌లోకే చూశారు. తర్వాత, తలెత్తకుండానే అడిగారు.

"మీ నాయన చేతులు ఇప్పుడెట్ట ఉండాయమ్మా?"

"ఆయన పోయి నాలుగేండ్లాయె అయ్యా."

ఆయన కిటికీలోని సీసా తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆ దినం నుంచి ఏ రాయి వచ్చినా నెలరోజులు వేరే తొట్టిలో పెట్టి చూడకుండా నేను ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత పగడాలు అమ్మకూడదని చట్టం వచ్చింది, అవీ ఆ రాళ్లూ అమ్మడమే మానేశాను. ఉప్పునీళ్ల చేపలు పెంచేవాళ్లు మాత్రం పురుగు కనబడగానే మందు కావాలని ఇప్పటికీ వస్తారు. మా అంగట్లో లేదు, తెప్పించను, కోపమొస్తే వేరే అంగడి చూసుకోండి అంటాను. వెళ్లిపోకుండా కూర్చునేవాళ్లను ఒక్కటే అడుగుతాను: అది చంపుతుంటే చూశారా, చచ్చినదాన్ని తింటుంటే చూశారా?