నిమ్మకాయలో ఉంగరం

ఏలీయా గొప్ప ఐంద్రజాలికుడేమీ కాడు. వచ్చిన ఆటలు తొమ్మిది. నలుగురూ చెప్పుకున్నది ఒక్కటే. పెళ్ళికొడుకు ఉంగరాన్ని రుమాల్లో చుట్టి మాయం చేసి, నిమ్మకాయ కోసి అందులోంచి తీసేవాడు. గుడివాడ చుట్టుపక్కల రైతుల పెళ్ళిళ్ళలో, భోజనాలకూ అప్పగింతలకూ నడుమ ఒక గంట అతనిది.

ఘంటసాల దగ్గరి సొంత ఊళ్ళో మాత్రం ఆ విద్యకు చిల్లంగి, అంటే చేతబడి, అని పేరు పడింది. సంఘపెద్ద జకరయ్య ఆరేళ్ళుగా అతన్ని ప్రభు భోజనానికి రానివ్వలేదు. నెలకొకసారి చర్చిలో భార్య కృపావతి ఆ రొట్టె తీసుకోవడానికి లేచి వెళ్తుంటే ఏలీయా తల వంచుకుని కూర్చునేవాడు. ఆట మానేస్తే ఆ వెలి తీరిపోతుంది. కాని చేయని పాపాన్ని ఒప్పుకొని మానడం అతనికి మరో అబద్ధంగా తోచింది.

1958 వేసవిలో జకరయ్య కూతురి పెళ్ళి కుదిరింది. ఏలీయా ఆట ఉండి తీరాలని మగపెళ్ళివారు పట్టుబట్టారు. వియ్యాలవారి మాట తీసెయ్యలేక, జకరయ్య తన తల్లి భాగ్యమ్మను వెంటబెట్టుకుని ఏలీయా ఇంటికి వచ్చాడు.

"దయ్యాన్ని నా పందిట్లోకి రానివ్వను. నీ వెనక ఎవరున్నారో దేవుడి యెదుట చెప్పు."

రహస్యం విప్పనని, బందరులో విద్య నేర్పిన సాహెబుకు ఏలీయా మాట ఇచ్చి ఉన్నాడు. చాలాసేపు ఆలోచించాడు. గురువు ఆ మాట తీసుకున్నది విద్యను కాపాడటానికే కాని, శిష్యుణ్ణి వెలిలో ఉంచడానికి కాదు. లేచి రుమాలు తెచ్చి అంచు విప్పాడు. లోపల ఇత్తడి ఉంగరం ఒకటి కుట్టి ఉంది. రుమాలు పైనుంచి పట్టుకున్నవారి వేళ్ళకు తగిలేది అదే. అసలుది అప్పటికే అతని అరచేతిలోకి చేరి, తొడిమ దగ్గర ముందే చీల్చి ఉంచిన నిమ్మకాయలోకి దూరుతుంది.

భాగ్యమ్మ ఆ అంచు తడిమి పకపకా నవ్వింది. "ఆరేళ్ళ నించీ దయ్యం దయ్యం అని ఊరంతా చెప్పావు గదరా జకరయ్యా! ఇదిగో, సూదీ దారంతో కుట్టి పెట్టాడు నీ దయ్యాన్ని!"

జకరయ్య నవ్వలేదు. "ఇంతేనా?"

"ఇంతేనండీ. మిగతాదంతా సాధన."

పెళ్ళినాడు పందిట్లో రుమాలు పట్టుకోవడానికి జకరయ్యే, తన ఉంగరం తీసి ఇచ్చి, ముందుకు వచ్చాడు. కిటుకు తెలిసినవాడు గనుక ఏలీయా చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. అయినా ఉంగరం నిమ్మకాయలోకి ఏ క్షణాన వెళ్ళిందో పట్టుకోలేకపోయాడు. తెలిసిన తరువాత కూడా మిగిలే ఆశ్చర్యం ఒకటి ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఉంగరానికంటిన నిమ్మరసం తుడుచుకుంటూ ఏలీయాతో మెల్లగా అన్నాడు: "పాస్టరుగారికి నేను చెబుతాను. ఆదివారం కృపావతితో కలిసి ప్రభు భోజనానికి రా."

"మరి ఆట సంగతేంటండీ?"

"మానమని ఎవరన్నారయ్యా? వచ్చే నెల మంగినపూడిలో మా చెల్లెలి కొడుకు పెళ్ళి. ఆ రోజు ఎవరికీ ఒప్పుకోకు."