చూడని వేలిముద్ర

నూజివీడు బ్యాంకులో సేవింగ్స్ కౌంటరు గుమాస్తా భానుమూర్తికి భూతద్దం ఇచ్చి నాలుగేళ్లయింది. చదువురాని ఖాతాదారులు స్వయంగా వచ్చి, ఎదురుగా వేలిముద్ర వేయాలి. కార్డు మీది ముద్రతో దాన్ని సరిచూశాకే డబ్బివ్వాలి. కానీ మామిడికాయ ముదిరే రోజుల్లో తోట వదిలి ఎవరొస్తారు? గుడిసె దగ్గరే చీటీ మీద ముద్ర వేసి, పాస్‌బుక్కుతో ఎవరో ఒకరి చేత పంపేవారు. ఎండలో రావడమెందుకు పాపం అని భానుమూర్తి ఇచ్చేసేవాడు. ఎప్పుడైనా భూతద్దం తీస్తే, "ఏవండీ, మేం దొంగల్లా కనబడుతున్నామా?" అనేవారు. ఆ మాట పడలేక దాన్ని సొరుగులో పెట్టేశాడు.

ఆ మంగళవారం వెంకాయమ్మ వచ్చింది. మైలవరం దారిలో ఆమెకు రెండెకరాల తోట ఉంది.

"పన్నెండు వందలు కావాలి బాబూ. రేపు కాయ కోత, కూలీలకివ్వాలి. గుడిసెలో పాస్‌బుక్కు కనబడి చావలేదు."

భానుమూర్తి లెడ్జరు తీశాడు. ఆమె ఖాతా దాదాపు ఖాళీగా ఉంది.

"శుక్రవారమే పట్టుకెళ్లారు కదమ్మా? మీ తోట నుంచి వచ్చానంటూ ఒకతను చీటీ తెచ్చాడు."

"అయ్యో, నేనెవర్నీ పంపలేదు నాయనా!"

మేనేజరు సోమయాజులు భానుమూర్తిని గదిలోకి పిలిచాడు.

"చీటీ ఆమే పంపిందని రాయండి. పాస్‌బుక్కు పోగొట్టుకున్నది ఆమె. మనకేం పోదు."

"నేను కార్డు చూడలేదండీ."

"ఆ మాట రాస్తే మీ ఇంక్రిమెంటు పోతుందయ్యా!"

భానుమూర్తి బయటికొచ్చాడు. వెంకాయమ్మ అతని మొహం చూసి, కూజాలోంచి గ్లాసెడు నీళ్లు వంచి తెచ్చింది.

"తాగండి బాబూ. చెమటలు పట్టేశాయి మీకు."

భానుమూర్తి గ్లాసు కౌంటరు మీద పెట్టేశాడు. చూడవలసింది తను, పోయింది ఆమెది. చూడకపోతే తనకేమీ పోదు గనకే నాలుగేళ్లూ చూడలేదు. దానికి మొహమాటమని, దయ అని పేరు పెట్టుకున్నాడు.

మనసులో రాముణ్ణి తలుచుకుని భూతద్దం తీశాడు. కార్డు మీద గీతలు సుడి తిరిగి ఉన్నాయి. చీటీ మీదివి ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. చిన్నపిల్లలైనా చెప్పగలరు. 'ఈ ముద్ర ఆమెది కాదు. నేను సరిచూడకుండా ఇచ్చాను' అని రాసి, సంతకం పెట్టి సోమయాజులు ముందుంచాడు. ఆయన రెండుసార్లు చదివి, కాగితం మీదికెక్కాక ఇక దాచలేమని గొణిగి, చివరికి ఆమె డబ్బు ఆమెకిమ్మని రాశాడు.

భానుమూర్తి సిరాదిండు ముందుకు జరిపాడు.

"వేలు వేయండమ్మా. సరిచూసి ఇస్తాను."

వెనక వరుసలో నిలబడ్డ పక్క తోట వీరరాఘవయ్య ఊరుకోలేదు. "ఇదేం చోద్యమయ్యా! వెంకాయమ్మ ఎవరో తెలీదా మీకు?"

"ఊరుకోండి అన్నయ్యగారూ. తెలిసినవాళ్లమనే గదా మొన్న చూడకుండా ఇచ్చింది!" అని ఆమె బొటనవేలు అదిమింది. ముద్ర కొంచెం అలికినట్టయింది.

"ఇంకోసారి వేయనా బాబూ?"

"వేయండమ్మా."

కొంగుతో వేలు తుడుచుకుని, ఆమె మళ్లీ వేసింది.