దేవుడి గదిలో ఎర్ర చారలు

డోన్ శివారులో గోపీనాథ్ కట్టించుకున్న కొత్త ఇంట్లో దేవుడి గది గోడను ఆ ఇంటివాళ్లే పాడుచేశారు. పాడైన గోడను ఫోటో తీయించి, ఇది జీవమ్మ చేతకానితనమని మేస్త్రీలందరికీ పంపించారు. ఆనాటి నుంచి జీవమ్మకు సున్నపు పని ఎవరూ ఇవ్వడం లేదు.

జీవమ్మకు యాభై రెండేళ్లు. సున్నపు గోడకు చివరి పూత వేసి, అది ఆరీ ఆరనప్పుడే గుండ్రాయితో రుద్ది నునుపు తేల్చడం ఆమె పని. ఆ రాయి ఆమె తల్లిది. సిమెంటు వచ్చాక ఇరవై ఏళ్లు అది ఇంట్లో గూట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు డబ్బున్నవాళ్లకు పాతకాలపు ఇళ్ల మీద మోజు పుట్టింది. నడుమ ఆకాశం కనబడే తొట్టి, ఎక్కడో కూల్చిన ఇంటి నుంచి కొనుక్కొచ్చిన టేకు స్తంభాలు, కింద బేతంచెర్ల బండలు, చుట్టూ సున్నపు గోడలు. ఆ గోడల కోసం గోపీనాథ్ పెట్టుకున్న మేస్త్రీ హనుమేష్ మూడు ఊళ్లు తిరిగి జీవమ్మను వెతికి పట్టుకున్నాడు. ఆమె చర్చికి పోయే మనిషని, మాలపేటలో పుట్టిందని ఆ రోజే అందరికీ తెలుసు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

హాలు గోడలకు, దేవుడి గది గోడలకు ఆమె నునుపు తేల్చింది. వంటింటి గోడలు హనుమేష్ మనుషులు చేసుకున్నారు. దేవుడి గది ఒక్కదానికే పదకొండు రోజులు పట్టింది. కరక్కాయ నానబెట్టిన నీళ్లతో కలిపిన సున్నం. జానెడు జానెడుగా, భుజం పడిపోయేదాకా రుద్దడం. చివరి రోజు గోడలో కిటికీ నీడ కనబడింది.

"ఏం జీవమ్మా, గోడలో మొగం చూసుకుంటాండావా?" అన్నాడు హనుమేష్.

"చూసుకుంటాండా హనుమేషప్పా. అద్దం కంటే ఇదే శానా నయం. ముడతలు చూపీదు."

పోతూ పోతూ ఆమె ఒక్క మాట చెప్పింది. "నెల దినాలు తడి తగలనీయొద్దప్పా. పచ్చి సున్నం, బాలింత మాదిరి చూసుకోవాల." హనుమేష్ తల ఊపాడు. గోపీనాథ్ తల్లి సుబ్బలక్ష్మమ్మ పక్కనే నిలబడి వింది.

ఎనిమిది రోజులకు గృహప్రవేశం. ముందు రోజు సాయంత్రం సుబ్బలక్ష్మమ్మ దేవుడి గదిని శుద్ధి చేయించింది. గోమూత్రం చల్లించి, బిందెలతో పసుపు నీళ్లు పోయించి, కొబ్బరి పీచుతో గోడలు కడిగించింది.

ఇంటి పని చేసినవాళ్లను గృహప్రవేశం రోజు పిలిచి కొత్త బట్టలు పెట్టడం మన వైపు ఆనవాయితీ. జీవమ్మ కూడా చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని వచ్చింది. హాల్లో చుట్టాలు నిండి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి గోపీనాథ్ ఆమెను దేవుడి గది వాకిలి దగ్గరికి పిలిచాడు. గోడ నిండా పైనుంచి కిందికి కారిన ఎర్ర చారలు. వాటి నడుమ పూత పెచ్చులుగా లేచి ఉంది.

"ఏమ్మే, ఇదేనా నీ పనితనం? నలుగురిలో నా మర్యాద తీసినావు కదా!"

జీవమ్మ లోపలికి పోలేదు. వాకిట్లోంచే చూసింది. తర్వాత సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది.

"పసుపు నీళ్లు కొట్టినారా మా?"

"మా ఇల్లు మేం శుద్ధి చేసుకుంటాం. నీకేమి?"

"చేసుకోండి మా. పెండ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు యట్ల కలుపుతారు? పసుపులో సున్నం వేస్తేనే కదా ఎర్రగయ్యేది. పచ్చి గోడ మింద పసుపు పోసి, ఎర్రగాయనని నన్నంటే యట్ల?"

ఒక ముసలావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వంటింటి గోడ కడగలేదే మా?" అని జీవమ్మ మళ్లీ అడిగింది.

దానికి జవాబు ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. భుజం మీద కొత్త పంచెతో హనుమేష్ నేల బండలు చూస్తూ నిలబడ్డాడు. జీవమ్మ చీర అందుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే హనుమేష్ ఫోన్ నుంచి కర్నూలు, కడప మేస్త్రీల వాట్సాప్ గ్రూపులోకి ఆ ఎర్ర గోడ ఫోటో వెళ్లింది. కింద రాత: "జీవమ్మ పని. జాగ్రత్త." ఒంటిమిట్ట దగ్గర ఇలాంటి ఇంటికే ఆమెను ముందుగా మాట్లాడుకున్నవాళ్లు మరునాడు వద్దన్నారు. ఇప్పుడామె రోడ్డు పనిలో కంకర మోస్తోంది.

ఆమె పోలీసు స్టేషనుకు ఫిర్యాదు చేయడానికి పోతే, "నువ్వు చర్చికి పోతావు కదమ్మా, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం నీకు వర్తించదు" అని చెప్పి పంపేశారు. గోడ కడిగేటప్పుడు అందరికీ ఆమె కులం గుర్తుంది. కాగితం రాసుకోవలసి వచ్చేసరికి ఆమె మతం గుర్తొచ్చింది. రాజ్యాంగంలోని పదిహేడో అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలోనూ సహించనంటుంది. అవమానపడినవాళ్లు ఏ ప్రార్థన చేస్తారని అది అడగదు.

సాక్ష్యం కావాలంటే ఆ ఇంట్లోనే ఉంది. హాలు గోడలు చేసింది కూడా జీవమ్మ చేతులే, రుద్దింది అదే రాయి, కలిపింది అదే సున్నం. వాటి మీద నీళ్లు పడలేదు, అవి ఇవాళ్టికీ మెరుస్తున్నాయి. నీళ్లు పడిన గోడ ఒక్కటే చెడింది.

గోపీనాథ్ గారూ, సుబ్బలక్ష్మమ్మ గారూ, హనుమేష్ గారూ, జీవమ్మ తరఫున మేం అడిగేది జాలి కాదు. ఆ ఫోటో ఏ గ్రూపులోకి పంపారో అదే గ్రూపులో, అదే ఫోటో కింద, మీ ముగ్గురి పేర్లతో రాయండి: గోడ మీద ఏం పోశారో, ఏ రోజు పోశారో, ఏ గది కడిగి ఏ గది వదిలేశారో, ఎందుకో. ఆ చివరి ముక్క దాటవేయకుండా రాయండి. చుట్టాల ఎదుట నిందించారు కాబట్టి, ఆ చుట్టాలను మళ్లీ పిలిచి, అదే హాల్లో, అదే నోటితో జీవమ్మకు క్షమాపణ చెప్పండి. తప్పు మీది కాదని ఇంకా అనుకుంటుంటే, మీ వంటింట్లో పసుపు ఉంది, ఇంటి వెనక మిగిలిన సున్నం ఉంది. ఒక పళ్లెంలో కలిపి చూసుకోండి. చూసుకున్నాక రాయండి.