పొట్టి చేతి మూర

ఇక మీద పూలు మూరల లెక్కన అమ్మకూడదట, మీటరు లెక్కన అమ్మాలట అన్న కబురు నాకు మొదట తెచ్చింది క్యాసంబళ్ళి నుంచి వచ్చే పూలావిడ. మా గనుల ఊరు కోరమండల్‌లో మా వీధి చివర గుడి ఉంది. ఆమె పొద్దున్నే మొదటి బస్సు దిగి ఆ గుడి ముందు కూర్చునేది. ఆ రోజు మాత్రం నెత్తి మీద గంప దించకుండానే మా గేటు దగ్గరికి వచ్చేసింది.

"అమ్మా, తక్కెడలకి ముద్రలేసే వాళ్ళు మార్కెట్టుకి వచ్చినారంట. మూర చెల్లదని చెప్పినారంట. ఇంగ అందరికీ ఒకే కట్టె!"

"దానికి నీకింత సంతోషమెందుకమ్మా?"

ఆమె కుడి చేయి ముందుకు చాపింది. "చూడు. దీన్ని పెట్టుకొని ఎంత కాలం కొలిచేది?"

పూలు కొనేవాళ్ళకు తెలియనిది కాదు. మోచేయి నుంచి నడివేలి కొస దాకా మూర. ఎవరు అమ్మితే వాళ్ళ చేయే కొలత. ఆమె పొట్టి మనిషి. చేయి బడిపిల్ల చేయంత. ఆమె పక్కనే కూర్చునే రెండో ఆవిడ పొడగరి. ఊరంతా ఆవిడను అక్కా అని పిలుస్తుంది. ఇద్దరి మూరలకూ నాలుగు వేళ్ళ తేడా, ధర మాత్రం ఒకటే. "నీ మూర ఎలక తోకకి చాలుతుందే, నా జడకి చాలదు" అని ఆడవాళ్ళు నవ్వుకుంటూ అక్క దగ్గరికి జరిగేవాళ్ళు. క్యాసంబళ్ళి ఆమె కూడా నవ్వేది. కొన్నవాళ్ళకు ప్రతి మూరకూ కాస్త కొసరు వదిలేది. అయినా ఆమె గంపలో కనకాంబరాలు మధ్యాహ్నానికి వాడిపోయి మిగిలేవి.

నేనేమీ వేరు కాదు. మామూలు రోజుల్లో ఆమె దగ్గరే కొనేదాన్ని. పటాలన్నిటికీ పూలు కావలసిన పండగపూట మాత్రం అక్క దగ్గరికి వెళ్ళేదాన్ని. వరలక్ష్మి పూజ నాడు అక్క కొలిచిన మల్లెలు పట్టుకుని ఆమె ముందు నుంచే నడిచాను. ఆమె గంపలో ఆకులు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

"ముద్రలోళ్ళు మార్కెట్టు దాటి రారు. మన తావున ఏ కొలతో శుక్రవారం భజన అయినంక తేలుస్తారంటమ్మా" అంది ఆ పొద్దున ఆమె గేటు పట్టుకుని. "నువ్వొక మాట చెప్పు. గుడికాడ నీ మాట వింటారు. ఇట్లే ఉంటే నాకు బస్సు చార్జీ కూడా గిట్టదు. ఈ తావు ఇడిసిపెట్టాల్సిందే."

"చెప్తాలే" అన్నాను.

నా మాట వినడానికి నాకున్న గొప్పేమీ లేదు. నేను బడికి పోలేదు. గని ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. గని లోతు దగ్గర్నుంచి నా ఎత్తు దాకా ఆయనకు అన్నీ అడుగులూ అంగుళాలే. ఆయన నేర్పిన చదువుతో శుక్రవారాలు గుడిలో స్తోత్రాలు చదువుతాను. దేవుడి దయ వల్ల దక్కిన ఆ చోటుకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. దాన్ని ఎలా వాడుకున్నానో చెబుతాను.

శుక్రవారం ఆమె గుడ్డలంగడిలో అడిగి ఒక పాత మీటరు కట్టె తెచ్చింది. కొత్త పనిముట్టుకు చేసినట్టే దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుడి మెట్టు మీద ఉంచింది. అందరికంటే ముందు అక్క లేచింది.

"నా చేయి పుట్టినప్పట్నుంచీ నాతోనే ఉండాది. దీనికి ముద్ర యాడ ఏస్తారో ఏసుకోమను!"

అందరూ పకపకా నవ్వారు.

"నా చేయి కూడా నాతోనే ఉండాది కదక్కా. అదే కదా నా బాధ" అంది క్యాసంబళ్ళి ఆమె.

దానికి ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా.

"దేవుడి పూలకు గుడ్డలంగడి కట్టె ఏమిటమ్మా?" అన్నాను. "కట్టెతో కొలిస్తే వ్యాపారం, చేత్తో కొలిస్తే సేవ. మన పెద్దవాళ్ళ మూర మనకు చాలు."

ఎంత బాగా చెప్పావన్నారు. ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది. ఆ మాటలు పలుకుతున్నంత సేపూ నా చూపు అక్క చేతి మీదే ఉంది. మీటరు వస్తే ఇద్దరి పూలూ ఒకటే అవుతాయి. నా పండగపూట నాలుగు వేళ్ళు పోతాయి. నా మనసులో ఉన్నది అంతే.

క్యాసంబళ్ళి ఆమె మెట్టు దగ్గరికి వచ్చింది. కట్టె మీది కుంకుమ చెంగుతో తుడిచి గంపలో పెట్టుకుంది. వెళ్ళేముందు నా పూలు నాకు కొలిచి, ఎప్పటిలాగే కొసరు వేసింది.

మరుసటి వారం ఆమె చోటు ఖాళీగా ఉంది. ఆ పై వారం అక్కడ ఎవరో స్కూటరు నిలిపారు. ఇక ఉండబట్టలేక అక్కనే అడిగాను. "బేతమంగళ బస్టాండులో కూర్చుంటా ఉండాదంటమ్మా" అంది.

బస్సెక్కి వెళ్ళాను. అక్కడ ఆమె మీటరు కట్టెతోనే కొలుస్తోంది.

"ఏమమ్మా, రవికగుడ్డలు అమ్ముతా ఉండావా?" అని ఒకాయన ఎగతాళి చేస్తున్నాడు.

"గుడ్డయినా పువ్వయినా ఇది అబద్ధం చెప్పదప్పా. కావాలంటే తీసుకో, లేదంటే బస్సెక్కు" అంది. అంతలో నన్ను చూసి లేచి నిలబడింది. "ఇంత దూరం వచ్చినావా అమ్మా!"

నేను నోరు తెరిచేలోపే ఆమే మొదలుపెట్టింది. "ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేమ్మా. దేవుడి ముందర నాలుగు వేళ్ళకి జగడానికి పోతినే అని సిగ్గయిపోయింది. ఇంగ ఆ మెట్టు మీద యా ముఖంతో కూర్చునేది? అందుకే వచ్చేసినా."

నా మాటను ఆమె భక్తి అనుకుంది. ఊరికంతా ఒకే కొలత కావాలని అడిగిన మనిషి, తప్పు తనదే అనుకుని తన చోటు తనే వదులుకుంది.

"అది భక్తి కాదమ్మా" అన్నాను. "అక్క చేతి మూర పెద్దదని. నా ఆశ కొద్దీ అన్నాను."

ఆమె కట్టె చేతిలోకి తీసుకుంది. "ఎంత కావాల?" అని మాత్రం అడిగింది.

"ఒక మీటరు."

కట్టె వెంట దండ పరిచి, సరిగ్గా కొస దగ్గర తుంచి, ఆకులో చుట్టి ఇచ్చింది. అన్నేళ్ళలో మొదటిసారి కొసరు వేయలేదు. నాకు అంతే రావాలి. అంతే ఇచ్చినందుకు ఆమెకు దణ్ణం పెట్టాను.

తర్వాతి శుక్రవారం స్తోత్రం చదవకముందే గుడిలో ఇదంతా చెప్పేశాను. కొందరు ముఖం తిప్పుకున్నారు. అక్క రుసరుసలాడింది గానీ నెల తిరిగేసరికి తన గంప పక్కన మీటరు కట్టె పెట్టింది. "సరే, ఇంగ నా చేతికి రెస్టు" అంది. క్యాసంబళ్ళి ఆమె మాత్రం తిరిగి రాలేదు. రెండుసార్లు వెళ్ళి పిలిచాను. "ఇక్కడ బాగుండాదిలేమ్మా" అంది. బాగుందో లేదో నాకు తెలియదు.

ఇది చదివిన మీరు పూలు కొనేటప్పుడు మీటరు కట్టె తీయమని అడగండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం, పసుపు రాసిన కట్టెను గుడి మెట్టు మీద పెట్టి మా అందరి వైపు చూసిన ఆ పొట్టి చేతుల తల్లిని ఒక్కసారి తలుచుకోండి.