అక్క పంపిన పాయ

మొదటిసారి నా చెయ్యి విరిగింది దుప్పటి పిండుతుంటే. జారిపడలేదు, ఎవరూ తొయ్యలేదు. తడి దుప్పటిని అటు మా ఆయన, ఇటు నేను పట్టుకొని మెలిపెడుతుంటే మణికట్టు దగ్గర టక్కుమంది. నల్గొండలో మా వాడకట్టుకు ఈ కథ అస్సలు నచ్చలేదు. కట్టుతో బడికి వెళితే తోటి టీచరొకామె పక్కకు పిలిచి, "సారుకు కోపం ఎక్కువనా మేడం?" అని అడిగింది. కోడిని కోయాలన్నా కండ్లు మూసుకునే మనిషి మా ఆయన. పాపం, ఆ తర్వాత చాలా రోజులు వీధిలో తలెత్తి నడవలేదు.

ఏడాది తిరక్కుండానే బస్సు దిగుతుంటే పాదం విరిగింది. మూడోసారి, దగ్గితే పక్కటెముక. దగ్గితే! నాకప్పటికి నలభై నాలుగేళ్లు. గొర్లూ మేకలూ ఉన్న ఇంట్లో పాలు, పెరుగు, మాంసం తిని పెరిగిన ఒళ్లు. "నీ నాలుకకు ఎముక లేదు కాబట్టి అదొక్కటే బతికిపోయింది" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నవ్వేదాన్ని గానీ, నా ఒంటి మీద నాకే నమ్మకం పోయింది. బిందె ఎత్తాలన్నా, తుమ్మాలన్నా భయమే.

విరిగినప్పుడల్లా అక్క పాయ పంపేది. అమ్మ పోయాక నాకు అమ్మ అయినది అక్కే. వాళ్లది దేవరకొండ రోడ్డులో ఒక ఊరు. మేకకాళ్లు కాల్చి, గీకి, మిరియాలు దంచి వేసి, కట్టెల పొయ్యి మీద సగం రోజు మరగబెట్టి, స్టీలు టిఫినులో పోసి బస్సు కండక్టరు చేతికిచ్చేది. తర్వాత ఫోను. "తాగినవా? అడుగు దాక తాగు చెల్లె, బొక్కలకు బలం." నాకంటే నా ఎముకల ఫికర్ ఎక్కువగా ఉన్న మనిషి ఒకరున్నారని గర్వపడేదాన్ని.

పక్కటెముక విరిగాక ఎముకల స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ అది చూసి, ఇవి డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఎముకల్లా గుల్లబారాయి అంది. "గర్భసంచి తీయించుకున్నారు కదా, అండాశయాలు ఉంచారా? వాటినీ తీసేశారా?"

నాకు తెలియదు. తెలంగాణ వచ్చిన ఏడాది, ముప్పై నాలుగేళ్లకు ఆ ఆపరేషన్ చేయించుకున్నాను. నడుము నొప్పి అని వెళితే, పిల్లలు పుట్టారు కదా, ఇంకా దాన్ని ఉంచుకొని ఏం చేస్తావు, ముందు ముందు క్యాన్సర్ అవుతుంది అని బెదిరించారు. మా దిక్కు ఆడవాళ్లు జాతరకు పోయినట్టు ఒకరికొకరు తోడు పోయి తీయించుకున్నారు. నాకు తోడు అక్క. తనకు అంతకు ముందే అదే దవాఖానలో అయింది.

అండాశయాలు రెండూ తీసేస్తే అంత చిన్న వయసులో ఎముకలు సన్నబడతాయని, అప్పుడే మందులు వాడాల్సిందని, ఎవరూ చెప్పలేదా అని డాక్టరమ్మ అడిగింది. నేను మా ఆయన వైపు చూశాను.

"నన్ను మందుల కోసం తోలిన్రు గద. తీసినదాన్ని ట్రేల పెట్టి మీ అక్కకే చూపిచ్చిన్రు" అన్నాడు. తీసిన అవయవాన్ని బయటికి తెచ్చి ఇంటివాళ్లకు చూపించడం మా దగ్గర ఆనవాయితీ.

ఆ ఆదివారం చెప్పకుండా వెళ్లాను. అక్క వాకిట్లో మేకకాళ్లు కాలుస్తోంది. నా పక్కటెముక కోసమే అనుకున్నాను.

"అక్కా, నా ఆపరేషన్ నాడు ట్రేల ఏం జూసినవ్?"

చేతిలో కాలు అలాగే ఆగిపోయింది. "సంచి. దానికి అటోటి, ఇటోటి."

"డాక్టర్ ఏమన్నడు?"

"గోళీలు వాడాలె, లేకుంటే బొక్కలు గుల్లయితయన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"నన్ను గూడ గట్లనే జేసిన్రని గప్పుడే ఎరుకైంది. నాకైతే ఎవ్వలు చెప్పనేలేదు. నీకు జెప్తే, నీకే ఏం దెల్వక నన్ను ఆడికెందుకు తోల్కపోయినవంటవని భయమైంది చెల్లె."

పదేళ్లు. నా ఒళ్లు మండిపోయింది. ఒక్క మాటకు నోరు రాని మనిషి టిఫిన్ల కొద్దీ పాయ పంపింది. ప్రేమ అనుకొని అడుగు దాకా తాగాను. తిట్టాలని నోరు తెరిచేసరికి అక్క లేచింది. గోడ పట్టుకొని, నడుము సగం వంగి. ఆ వంపు మేకల దొడ్డి పని వల్ల అనుకునేదాన్ని ఇన్నేళ్లూ.

అప్పుడు చూశాను, గడప దగ్గర సర్దిపెట్టిన బుట్ట. ఫ్లాస్కు, దుప్పటి, రెండు పళ్లేలు.

"ఎటు పోతున్నవ్?"

"బిడ్డను రేపు దవాఖానల షరీకు జేస్తున్నం. గదే ఆపరేషన్."

అక్క కూతురికి ఇంకా ముప్పై రెండు నిండలేదు. "దానికన్న చెప్పినవా?" అంటే అక్క తల దించుకుంది. పొయ్యిలో కాలుతున్న కాళ్లు నా కోసం కాదు.

పిల్లకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, అక్క మసి చేతిలో ఉంచాను. "అమ్మా" అంది అవతల నుంచి. అక్క నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"రేపు పోవుడు లేదు బిడ్డా. ముందుగాల నేను జెప్పేది ఇను" అంది అక్క.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నేను ఎదురుగా ఉన్నందుకు వచ్చిందో, కన్నబిడ్డ కాబట్టి వచ్చిందో తెలియదు. పక్కటెముక కలుక్కుమంటున్నా ఆపుకోలేక, అక్కడే కూర్చొని ఏడ్చాను.